ఇద్దరికీ ఒకే షిఫ్టు

ఆ బస్సు డిపోలో ఆమెను అందరూ ఈలమ్మ అనేవారు. కండక్టరుగా చేరిన మొదటి వారంలో ఆమె ఊదిన ఈలకు తన బస్సుతో పాటు వెనకాల వస్తున్న పాలవ్యాను కూడా ఆగిపోయిందని చెప్పుకునేవారు. అది నిజమో, డిపో క్యాంటీన్లో పుట్టిన మాటో గాని, పేరు మాత్రం నిలిచిపోయింది. ఆమె భర్తదీ అదే డిపో. డ్రైవరు. అతన్ని నిదానం అనేవారు. రోడ్డు మీద చిన్న గుంత కనిపిస్తే చాలు, నెత్తిన గుడ్ల బుట్ట పెట్టుకున్నవాడిలా బస్సును మెల్లగా దించి మెల్లగా ఎక్కించేవాడు. హారన్ కొట్టడమంటే అతని దృష్టిలో ముక్కూ మొహం తెలియనివాణ్ని నడిరోడ్డు మీద తిట్టడమే.

పెళ్ళికి ముందు ఇద్దరూ ఒకే బస్సులో పద్నాలుగు నెలలు పనిచేశారు. ఆమె ఒక ఈల వేస్తే అతను ఆపేవాడు, రెండు వేస్తే కదిలేవాడు. ఇంతగా చెప్పిన మాట వినే మగవాడు కాగడా పెట్టి వెతికినా దొరకడనుకుని ఈలమ్మే ముందు నోరు విప్పి అడిగింది. అతను రెండు స్టాపులు ఆలోచించి, మూడో స్టాపులో సరేనన్నాడు.

పెళ్ళయ్యాక రూలు అడ్డొచ్చింది. భార్యాభర్తలు ఒకే బస్సులో పనిచేయకూడదు. డ్యూటీ చార్టు రాసే పెద్దాయన ఒకాయన ఉండేవాడు, డిపో మొత్తానికీ చార్టు బాబాయి. ఆయన అతన్ని పొద్దుటి షిఫ్టులో, ఆమెను మధ్యాహ్నం షిఫ్టులో వేశాడు. అతను తెల్లారకముందే వెళ్ళి ఒంటిగంటన్నరకు దిగేవాడు. ఆమె అదే ఒంటిగంటన్నరకు ఎక్కి, ఊరు మాటుమణిగాక ఇంటికి చేరేది. అప్పటికి అతను ఒక నిద్ర తీసి ఉండేవాడు. వారపు సెలవు అతనికి మంగళవారం, ఆమెకు శుక్రవారం. డిపో గేటు దగ్గర దొరికే అయిదు నిమిషాలే వాళ్ళ కాపురం. గ్యాసు అయిపోయిందని ఒకరూ, చొక్కా గుండీ కుట్టానని ఒకరూ చెప్పుకుని, ఒకరు బయటికీ ఒకరు లోపలికీ నడిచేవారు. అలా నాలుగేళ్ళు గడిచాయి.

ఈ నాలుగేళ్ళలో పిల్లలు కలగలేదు. ఎదురుపడినవాళ్ళందరూ "విశేషం ఏమైనా ఉందా?" అని అడగడం మొదలుపెట్టారు. బస్సులో ఎవరైనా అడిగితే ఈలమ్మ, "ముందు టికెట్టు తీసుకోండి, విశేషాలు తర్వాత మాట్లాడుకుందాం" అనేది. అందరూ నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది. స్టాపులో వాళ్ళు దిగిపోయాక మాత్రం ఆ మాట ఇంకో రెండు మూడు స్టాపుల దాకా ఆమెతోనే ప్రయాణం చేసేది.

ఎండాకాలం ఒక మధ్యాహ్నం టికెట్లు కొడుతూ కొడుతూ ఉండగా ఈలమ్మకు కళ్ళు బైర్లు కమ్మాయి. కమ్మీ పట్టుకోబోతే అందలేదు. ముందు సీటులో కూర్చున్న ఒకావిడ చప్పున లేచి, చంకల కింద చేతులు వేసి పట్టుకుని, తన సీటులో కూర్చోబెట్టింది. ఆవిడ రోజూ రెండుంపావుకు మార్కెట్ స్టాపులో ఎక్కి, ఆరో స్టాపులో దిగి తన ఆసుపత్రికి వెళ్ళే డాక్టరమ్మ. అప్పటిదాకా వాళ్ళిద్దరి మధ్యా నడిచిన మాట ఒక్కటే, "పాస్".

"పొద్దున్నించీ ఏం తిన్నావమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ, కనురెప్ప కిందికి లాగి చూస్తూ.

"టీ తాగాను మేడం. రెండు బిస్కెట్లు."

"నీళ్ళు?"

ఈలమ్మకు ఆ స్థితిలోనూ నవ్వొచ్చింది. "నీళ్ళు తాగితే ఎక్కడికి పోను మేడం? చివరి స్టాపులో బాత్రూం ఉంది గాని దానికి తాళం. ఆఫీసర్లు వస్తే తప్ప తియ్యరు. మగాళ్ళకైతే గోడలున్నాయి. అందుకే డ్యూటీ ఎక్కితే దిగేదాకా నోరు తడపను. కడుపు నిండా తిన్నా బస్సు కుదుపుకి తిప్పుతుంది, అదీ మానేశా."

"ఎన్నేళ్ళ నించి?"

"ఆరేళ్ళు."

డాక్టరమ్మ కనురెప్ప వదిలి, నాడి పట్టుకుని చూసింది. తర్వాత, "పెళ్ళయిందా? పిల్లలున్నారా?" అంది. ముందు టికెట్టు తీసుకోండి అనబోయి, ఆవిడ దగ్గర పాసుందని గుర్తొచ్చి ఈలమ్మ ఆగిపోయింది. లేరన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"మీ ఆయన్ని తీసుకుని ఆసుపత్రికి రా. ఇద్దరూ రావాలి. నువ్వొక్కదానివే వస్తే గుమ్మంలోంచే పంపించేస్తాను."

నిదానాన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి ఈలమ్మకు పదిహేను రోజులు పట్టింది. "నాకేమైంది? దుక్కలా ఉన్నాను" అనేవాడు. "దుక్కలాగే ఉన్నావు, పొట్ట స్టీరింగుకి తగులుతోంది" అనేది ఆమె. చివరికి ఒక మంగళవారం ఆమె సెలవు పెట్టి, అతన్ని తమ డిపో బస్సే ఎక్కించి, దిగి పారిపోకుండా కిటికీ పక్కన కూర్చోబెట్టి మరీ తీసుకెళ్ళింది.

డాక్టరమ్మ గది చిన్నది. ఒక బల్ల, మూడు కుర్చీలు, గోడకు బరువు ఎంతుండాలో చెప్పే పట్టిక. ఆవిడ ఇద్దరి వయసులూ రాసుకుంది. అతనికి ముప్ఫై అయిదు, ఆమెకు ముప్ఫై ఒకటి. తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టింది.

"సిగరెట్లు తాగుతావా?"

"ఏదో, నాలుగైదు మేడం."

"రోజుకా, ట్రిప్పుకా?" అంది ఈలమ్మ.

అతను నేల చూపులు చూశాడు. రోజుకు పద్దెనిమిది అని తేలింది. టీలు ఏడు, ఒక్కోదానిలో మూడు చెంచాల చక్కెర. నిద్ర అయిదు గంటలు. డ్రైవరు సీటు పక్కనే ఇంజిను, ఎండాకాలం కూర్చుంటే పెనం మీద కూర్చున్నట్టే. డాక్టరమ్మ అన్నీ రాసుకుని, కళ్ళజోడు పైనుంచి చూసింది.

"మీరిద్దరూ వారానికి ఎన్నిసార్లు కలుస్తారు?"

నిదానం ధైర్యంగా తలెత్తాడు. ఈ ఒక్క ప్రశ్నకైనా మంచి మార్కులు వస్తాయనుకున్నాడు. "వారానికి అయిదు రోజులు గ్యారంటీ మేడం. ఒంటిగంటన్నరకి. డిపో గేటు దగ్గర."

"అక్కడ కాదు నాయనా" అంది డాక్టరమ్మ.

అర్థమయ్యేసరికి అతని చెవులు ఎర్రబడ్డాయి. ఈలమ్మ గోడ మీది పట్టికను శ్రద్ధగా చదవడం మొదలుపెట్టింది. నెలకు రెండుసార్లో, ఒక్కోసారి అదీ లేదో అని చివరికి ఆమే చెప్పింది.

పరీక్షలు రాసిచ్చారు. రక్తపరీక్షకు ఈలమ్మ వెంటనే చెయ్యి చాపింది. తనకు రాసిన పరీక్ష ఏమిటో తెలిశాక నిదానం మాత్రం ఆసుపత్రి వరండాలో బెంచీకి అంటుకుపోయాడు. "ఇదేం పరీక్షే? పరువు పోతుంది. నాకవసరం లేదు."

"ఏమయ్యా, బండి ఆగిపోతే ప్రయాణికుల్నే దింపి చూస్తారా? బానెట్ ఎత్తరా?"

"అది వేరు, ఇది వేరు."

"వేరే. బండికైతే మెకానిక్కొస్తాడు, దీనికి నువ్వే పోవాలి. లే." ఆమె గొంతు తగ్గించింది. "నాలుగేళ్ళుగా అందరూ నన్నే అడుగుతున్నారు. నిన్ను ఒక్కరైనా అడిగారా? ఈ ఒక్కసారైనా నువ్వు కూడా అడిగించుకో."

అతను ఆమె మొహంలోకి చూశాడు. ఆ మాట ఆమె ఇంతకుముందు ఎప్పుడూ అనలేదు. లేచి, చీటీ పట్టుకుని లోపలికి వెళ్ళాడు.

వారం తర్వాత డాక్టరమ్మ కాగితాలు ముందు పెట్టుకుని కూర్చుంది. ముందు ఈలమ్మ సంగతి చెప్పింది. రక్తం బాగా తక్కువ. ఉండాల్సిన బరువుకు తొమ్మిది కిలోలు తక్కువ. "నీ ఒంటికే చాలకపోతే ఇంకో ప్రాణానికి అదేం పెడుతుందమ్మా? అందుకే నీ నెలసరి ముందూ వెనకా అవుతోంది." తర్వాత నిదానం వైపు తిరిగింది. అతను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

"కంగారు పడకు. వీర్యకణాలు ఉన్నాయి. లెక్క కొంచెం తక్కువ. అసలు సమస్య ఏమిటంటే, వాటి కదలిక బాగా నిదానంగా ఉంది."

ఈలమ్మ పెదవి కొరుక్కుంది. ఆపుకుందామనుకుంది. ఆగలేదు. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పగలబడి నవ్వింది. కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. డాక్టరమ్మ తెల్లబోయింది.

"క్షమించండి మేడం. డిపోలో ఈయన్ని పిలిచే పేరే అది."

డాక్టరమ్మ ఒక క్షణం బిగపట్టి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి తనూ నవ్వేసింది. ఇద్దరాడవాళ్ళనూ మార్చి మార్చి చూసి, ఇక చేసేదేం లేక నిదానం కూడా నవ్వాడు. నాలుగేళ్ళుగా గుండె మీద కూర్చున్న బండ ఏదో ఆ గదిలో కాస్త పక్కకు జరిగినట్టనిపించింది ఈలమ్మకు.

తర్వాత డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. సిగరెట్టు, పొట్ట, చాలని నిద్ర, గంటల తరబడి వేడిలో కూర్చోవడం, ఒక్కోటీ కొంచెం కొంచెంగా దెబ్బ తీస్తుంది. మగవాళ్ళలో కొత్త కణాలు తయారవడానికి రెండున్నర, మూడు నెలలు పడుతుంది. ఇవాళ మానేసిన సిగరెట్టు ఫలితం అప్పటికి గాని కనబడదు. ఈలమ్మ తినాలి, నీళ్ళు తాగాలి, రాసిచ్చిన మాత్రలు వేసుకోవాలి. రెండు మూడు రోజులకొకసారైనా ఇద్దరూ ఒకే చోట, ఒకే వేళకి, అలసిపోకుండా ఉండాలి. "ఇంతా చేస్తే తప్పకుండా అవుతుందని మాటివ్వలేను. అవకాశం పెరుగుతుందని మాత్రం చెప్పగలను. కాకపోతే వేరే దారులున్నాయి, అప్పుడు చూద్దాం."

ఇంటికి వెళ్తూ ఇద్దరూ ఒకే విషయానికి భయపడ్డారు. అత్తగారికి ఎలా చెప్పడం?

ఆవిడ ముప్ఫై ఏళ్ళు ఒక బడి హాస్టల్లో వంటమనిషిగా చేసి వచ్చింది. మూడు వందల మందికి వండిన చెయ్యి, ముగ్గురికి వండమంటే వంగేది కాదు. ఆ ఇంట్లో కూర ఎప్పుడూ పక్కింటికీ, పై ఇంటికీ కూడా సరిపోయేది. నిదానం పీట మీద కూర్చుని, గోడలకు కూడా వినపడనంత మెల్లగా సంగతి చెప్పాడు. కొడుకులో లోపం అంటే తల్లి ఎలా తీసుకుంటుందోనని ఈలమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది.

అత్తగారు చేతిలో గరిటె కింద పెట్టింది. "ఏదీ ఆ కాగితం?" అంది. తీసుకుని, చదవడం రాకపోయినా అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఒరేయ్, నువ్వు పుట్టడానికి ఆరేళ్ళు పట్టింది. ఆ ఆరేళ్ళూ తప్పంతా నాదే అన్నారు. మీ నాన్న రోజుకి రెండు కట్టల చుట్టలు కాల్చేవాడు, పగలంతా ఇటుక బట్టీ ముందు వేడిలో పని. ఆయన్ని ఒక్కడూ ఒక్క మాటన్న పాపాన పోలేదు. ఇలాంటి కాగితం అప్పుడుంటేనా, పెళ్ళి ఫోటో పక్కన పటం కట్టించి తగిలించేదాన్ని." కాగితాన్ని జాగ్రత్తగా మడిచి కోడలి చేతిలో పెట్టింది. "అమ్మాయ్, ఆ చక్కెర డబ్బా ఇలా పట్రా."

ఆ డబ్బా మళ్ళీ నిదానం కంటబడలేదు. మర్నాటి నుంచి ఆవిడ హాస్టల్ వంటశాల మొత్తాన్నీ ఆ ఇద్దరి మీదికి దింపింది. పొద్దున్నే గుడ్లు, మధ్యాహ్నం ఆకుకూర, సాయంత్రం పండు, మళ్ళీ ఆకుకూర. ఈలమ్మ డ్యూటీ సంచిలో మూడంతస్తుల డబ్బా, పక్కన నీళ్ళ సీసా. డబ్బా ఖాళీగా రాకపోతే ఆవిడ గుమ్మంలోనే నిలదీసేది. "నాలుగో తరగతి పిల్లాడైనా ఇంతకంటే తింటాడు" అనేది.

సిగరెట్టు మానడం మాత్రం అంత తేలిగ్గా జరగలేదు. మొదటి వారమంతా నిదానం మనిషిలా లేడు. డిపో చరిత్రలో మొదటిసారి అతను హారన్ కొట్టాడు, అదీ రోడ్డు దాటుతున్న ఆవు మీద. ప్రయాణికులు సీట్లలోంచి లేచి చూశారు. పదో రోజున ఒకటి తాగి వచ్చి, అడక్కుండానే ఒప్పేసుకున్నాడు. ఈలమ్మ కోప్పడలేదు. "పద్దెనిమిదిలో ఒకటేగా, పోనీ" అంది. నోరు ఊరుకోకపోతే నమలమని అత్తగారు గుమ్మడి గింజలు వేయించి జేబు నిండా పోసేది. ఇరవై రోజులకు డిపోలో బస్సులు ఊడ్చేవాడు వచ్చి, "అన్నా, నీ సీటు కింద చిలకల్ని పెంచుతున్నావా?" అని అడిగాడు. ప్రతి ట్రిప్పు చివరా సీటు దిగి బస్సు చుట్టూ అయిదుసార్లు నడవమని డాక్టరమ్మ చెప్పింది. అతను నడుస్తుంటే ప్రయాణికులు, "ఏమైంది డ్రైవరుగారూ, టైరు పోయిందా?" అని కిటికీల్లోంచి తలలు బయటపెట్టేవారు.

ఈలమ్మకు వచ్చిన చిక్కు వేరు. నీళ్ళు తాగమన్నారు. తాగితే వెళ్ళడానికి చోటు కావాలి. చివరి స్టాపులో బస్సుల వేళలు రాసుకునే టైంకీపరును తాళం అడిగింది. "అది ఆఫీసర్లకమ్మా, రూలు" అన్నాడతను. మర్నాడు ఆ దారిలో తిరిగే ఆడ కండక్టర్లు ఆరుగురినీ కూడగట్టింది. ఒక్కొక్కరూ ఆ చివరి స్టాపులో దిగి, ట్రిప్పు షీటు అతని ముందు పెట్టి, సంతకం మాత్రం పెట్టకుండా నిలబడ్డారు. సంతకం లేని షీటు పైకి పంపితే అతనికే చీవాట్లు.

"సంతకం పెట్టండమ్మా, టైమైపోతోంది!"

"పెడతాం. చేతులు కడుక్కోవాలి. తాళం ఇవ్వండి" అంది ఈలమ్మ.

రెండు రోజులు బిగుసుకున్నాడు. మూడో రోజు తాళంచెవి గది బయట మేకుకు వేలాడుతూ కనబడింది. ఆ సాయంత్రం ఈలమ్మ ఒక సీసా నీళ్ళు మొత్తం, ఎవరో పందెం కట్టినట్టు, ఆపకుండా తాగేసింది.

ఇక మిగిలింది షిఫ్టు. ముందు నిదానం వెళ్ళాడు, చార్టు బాబాయిని అడిగి వస్తానని. అరగంట తర్వాత కొత్త సీటు కవరు పట్టుకుని వచ్చాడు. "ఆయన ఏం కావాలన్నాడు, నోట్లోంచి ఇది వచ్చింది" అన్నాడు. ఈలమ్మ నెత్తి కొట్టుకుని తనే వెళ్ళింది.

చార్టు బాబాయి గదిలో గోడంత చార్టు, బల్ల మీద నాలుగు రంగుల పెన్నులు. ఆయన దరఖాస్తు కాగితం తీశాడు. "పొద్దుటి షిఫ్టుకి మార్పు. బాగుంది. కారణం చెప్పమ్మా, గడి నింపాలి."

"పిల్లలు అని రాయండి బాబాయ్."

ఆయన తల ఎత్తాడు. "నీకు పిల్లలు లేరుగా?"

"అందుకే."

పెన్ను జారి బల్ల కిందికి దొర్లింది. ఆయన దానికోసం వంగి, అవసరానికి మించి చాలాసేపు కిందే ఉన్నాడు. పైకి లేచేటప్పటికి చెమటలు పట్టి ఉన్నాయి. ఆ గడిలో 'కుటుంబ కారణాలు' అని ఎర్ర పెన్నుతో రాశాడు. "ఎవరైనా పొద్దుటి షిఫ్టు వదులుకుంటే వేస్తానమ్మా. నా చేతిలో ఉన్నది అంతే."

వదులుకునేవాళ్ళు దొరకరని ఈలమ్మ అనుకుంది. మొదట అడిగిన మనిషే దొరికింది. మూడో నంబరు బస్సులో చేసే పెద్ద కండక్టరు, అందరికీ మూడో నంబరు అక్క. "తీసుకోవే తల్లీ! పాతికేళ్ళుగా తెల్లవారుజామున లేస్తూ ఈ ఉద్యోగాన్ని తిట్టుకుంటున్నాను. ఎవరైనా అడక్కపోతారా అని చూస్తున్నాను" అని చేతులు పట్టుకుంది. వచ్చే వారపు చార్టు గోడకెక్కింది. ఇద్దరూ పొద్దుటి షిఫ్టు, వేరు వేరు బస్సులు. ఈలమ్మ అడగని ఇంకో మార్పు కూడా అందులో ఉంది. ఇద్దరికీ సెలవు మంగళవారమే. బాబాయి గది ముందు నుంచి వెళ్తూ ఆమె ఆగి చూస్తే, ఆయన చాలా పని ఉన్నట్టు సొరుగులో దేనికోసమో వెతుకుతున్నాడు.

మొదటి రోజు ఇద్దరూ కలిసి రెండు గంటలకు ఇంటికి వచ్చారు. భోంచేశారు. అత్తగారు కునుకు తీయడానికి వెళ్ళింది. అప్పుడు తెలిసింది వాళ్ళకు, ఒక మధ్యాహ్నం ఎంత పొడుగో. ఎదురెదురుగా కూర్చున్నారు. గేటు దగ్గర చెప్పుకునే మాటలు అయిదు నిమిషాల్లో అయిపోయాయి.

"గ్యాసు ఉందా?" అన్నాడు అతను.

"ఉంది. పొద్దున్నే వచ్చింది."

"మంచిది."

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. తర్వాతి రోజుల్లో ఆమెకు తెలియని మనిషి ఒకడు కొంచెం కొంచెంగా బయటపడ్డాడు. స్నానం చేసేటప్పుడు స్టాపుల పేర్లు వరసగా పాటలా పాడుకుంటాడు. తడి తువ్వాలు మంచం మీదే వేస్తాడు. వేసినందుకు తిడితే, తీసి కుర్చీ మీద వేస్తాడు. ఆమె నిద్రలో టికెట్, టికెట్ అంటుందని అతను కనిపెట్టాడు. తువ్వాలు దగ్గర రెండుసార్లు గట్టిగా పోట్లాడుకున్నారు. నాలుగేళ్ళ కాపురంలో పోట్లాడుకోవడానికి వాళ్ళకు తీరికే దొరకలేదని అప్పుడే గమనించారు. ఎండ చల్లబడ్డాక ఇద్దరూ నడకకు వెళ్ళేవారు. అతని పొట్ట మెల్లగా స్టీరింగు వదిలింది. ఆమె చెంపలు నిండాయి.

సంగతి డిపోలో దాగలేదు. క్యాంటీన్లో మగాళ్ళు కొన్ని రోజులు నిదానాన్ని వేళాకోళం చేశారు. "ఏం బాబూ, ఇంటి ట్రిప్పులు ఎలా ఉన్నాయి?" అనేవారు. అతను గింజలు నములుతూ ఊరుకునేవాడు. ఈ వేళాకోళం ఒకసారి ఈలమ్మ చెవిన పడింది. "మీ ఇళ్ళకి మీరు ఎన్నాళ్ళకొకసారి వెళ్తున్నారో మీ ఆవిడల్ని అడిగి వస్తాను, ఉండండి" అంది. క్యాంటీన్ ఒక్కసారిగా ఖాళీ అయింది. అందరికంటే ఎక్కువ నవ్విన డ్రైవరు ఒకడు వారం తర్వాత నిదానాన్ని డీజిలు పంపు వెనక్కి తీసుకెళ్ళి, "తమ్ముడూ, ఆ డాక్టరమ్మ ఆసుపత్రి ఏ స్టాపు?" అని అడిగాడు. మా మేనల్లుడి కోసం అని కూడా చేర్చాడు. అతనికి మేనల్లుళ్ళెవరూ లేరు.

మూడు నెలల తర్వాత పరీక్ష మళ్ళీ చేశారు. డాక్టరమ్మ కాగితం చూసి తలూపింది. "ఎక్స్‌ప్రెస్ అనలేను గాని, ప్రతి స్టాపులోనూ ఆగడం మాత్రం మానేశాయి." ఈలమ్మ రక్తం కూడా పెరిగింది. నెలసరి ఒక లెక్కకు వచ్చింది. ఇద్దరూ ఆ రోజు గాలిలో తేలుతూ ఇంటికొచ్చారు.

అయితే నాలుగో నెల ఏమీ జరగలేదు. అయిదో నెలలో పన్నెండు రోజులు ఆలస్యమైంది. ఈలమ్మ ఎవరికీ చెప్పలేదు. మెట్లు ఎక్కేటప్పుడు జాగ్రత్తగా ఎక్కింది, గుంతల దగ్గర కమ్మీ రెండు చేతులతో పట్టుకుంది. పదమూడో రోజున, చివరి స్టాపులో, తను పోట్లాడి తెరిపించిన ఆ గదిలోనే సంగతి తెలిసిపోయింది. మొహం కడుక్కుని బయటికి వచ్చింది. ట్రిప్పు ఆపడానికి లేదు. ఆ ట్రిప్పంతా ఆమె ఎవరి మీదా ఒక్క జోకూ వేయలేదు.

ఇంటికి వచ్చాక నిదానం ఆమె మొహం చూశాడు. పక్కన కూర్చుని నారింజ వలిచి, తొనలు ఒక్కొక్కటీ పీచు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"నేను కూడా లెక్కపెట్టుకుంటున్నా" అన్నాడు కాసేపటికి. "పన్నెండు రోజులు."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు చెప్తావని."

ఆమె అతని భుజం మీద తల పెట్టి ఏడ్చింది. "నడకకి వెళ్దామా?" అన్నాడు అతను. "వద్దు." "సరే, కూర్చుందాం." లోపల అత్తగారికి మెలకువ వచ్చింది. ఇద్దరినీ చూసి, వంటింట్లోకి వెళ్ళి, ఎక్కడ దాచిందో గాని చక్కెర డబ్బా తీసి, ముగ్గురికీ తియ్యటి టీ పెట్టింది. ఆ ఒక్క రోజుకే.

ఎనిమిదో నెలలో మళ్ళీ ఆలస్యమైంది. ఈసారి ఈలమ్మ నమ్మదలచుకోలేదు. తొమ్మిదో రోజున నిదానమే డిపో ఎదురు మందుల షాపుకు వెళ్ళాడు. అయిదుగురు వరసలో ఉన్నారు. వాళ్ళందరూ వెళ్ళిపోయేదాకా దగ్గు మందు సీసాలన్నీ చదివాడు. ఆఖరికి పరీక్ష చేసుకునే పుల్ల కొని, కాగితంలో చుట్టి, చొక్కా లోపల దాచుకుని వచ్చాడు.

"నాలుగు నిమిషాలు ఆగాలట" అన్నాడు, దాంట్లో వచ్చిన కాగితం చదువుతూ. "ఎండ తగలకూడదట. పక్కకి వంచకూడదట."

"ముందు గీతలు ఎన్ని వస్తే ఏమిటో చదువు!"

"చదువుతున్నా. అది వెనకవైపు ఉంది."

అతను కాగితం తిప్పేలోపే రెండో గీత వచ్చింది. ముందు లేతగా, తర్వాత స్పష్టంగా. అతను కాగితాన్నీ గీతలనూ నాలుగుసార్లు పోల్చి చూసుకున్నాడు. తర్వాత ఏం చేయాలో తెలియక మంచం మీది తడి తువ్వాలు తీసి, జీవితంలో మొదటిసారి, తీగ మీద ఆరేశాడు.

నెలలు గడిచాయి. చార్టు బాబాయి ఆమెను బస్సుల నుంచి తప్పించి టికెట్ల కౌంటర్లో కూర్చోబెట్టాడు, అత్తగారు అక్కడికి కూడా డబ్బాలు పంపింది. చివరికి ఒక పొద్దుటిపూట, మూడు కిలోలకు కాస్త తక్కువగా, పెద్ద గొంతుతో ఒక ఆడపిల్ల పుట్టింది.

సాయంత్రం ఆసుపత్రి గదిలో కుర్చీలు చాలలేదు. అత్తగారు మంచం పక్కన స్టూలు వేసుకుని, ఇదంతా తన ఆకుకూరల మహిమేనని నర్సుకు చెబుతోంది. "ఆకుకూరలు తినేవాళ్ళు లోకంలో ఎంతమంది లేరమ్మా, షిఫ్టు ఇచ్చింది నేను" అంది మూడో నంబరు అక్క. "మీరిస్తే సరిపోయిందా? సెలవు రోజు కలిపింది ఎవరు?" అన్నాడు చార్టు బాబాయి, ఇన్నాళ్ళ సిగ్గు వదిలేసి. మాట మాట పెరిగింది.

డాక్టరమ్మ లోపలికి వచ్చేసరికి అందరూ ఆవిడను తీర్పు చెప్పమన్నారు. ఆవిడ ఈలమ్మ నాడి చూసి, చెయ్యి వదిలి, "నిజం చెప్పనా?" అంది. "వీటిలో ఏది పనిచేసిందో నాకు తెలీదు. అన్నీ కలిసి కావచ్చు. కొంత అదృష్టం కూడా. ఇంతకంటే బాగా ఉండి, అన్నీ చేసి కూడా ఇంకా ఎదురుచూసేవాళ్ళు నా గది బయట బెంచీ మీద ఉన్నారు. కాబట్టి ఎవరూ గొప్పలు పోకండి."

అందరూ బుద్ధిగా తలలూపారు.

"అయినా గుడ్లు రోజుకి రెండు పెట్టాను" అంది అత్తగారు.

మళ్ళీ మొదలైంది. ఈలమ్మ దిండుకు ఆనుకుని కిటికీ వైపు చూసింది. నిదానం అక్కడ పాపను చేతుల్లో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. మోచేతులు కూడా కదపడానికి జంకుతున్నాడు. వెనక నడుస్తున్న గొడవలో ఒక్క ముక్కా అతని చెవికి ఎక్కుతున్నట్టు లేదు.

"ష్, పడుకుంది" అన్నాడు, వాళ్ళ వైపు తిరక్కుండానే.

ఎవరూ గొంతు తగ్గించలేదు. పాప కూడా లేవలేదు.